నీడ మడిలో ఆకు

ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటకీ మూడింటికీ మధ్య జర్మనీలోని లైప్‌జిగ్ శివారు తోటల్లో గొంతెత్తడం నేరం.

సరిగ్గా ఆ వేళ హార్ట్‌ముట్ తోట కంచె అవతల నిలబడి ఎవడో అరిచాడు.

"ఈ ఆకు ఎవరు కోశారు?"

హార్ట్‌ముట్‌కి ఒళ్లు మండింది. అసలే ఆ రోజు అతని ప్రాణం గుప్పిట్లో ఉంది. మూడింటికి తోటలు అద్దెకిచ్చే సంఘంవాళ్లు తనిఖీకి వస్తున్నారు. చెక్కగది వెనక మూల ఈ ఏడూ బీడుగా కనపడితే తోట వెనక్కి తీసుకుంటామని కిందటేడే చెప్పేశారు.

రైలుగట్టు చెట్ల కింద ఎండ పొడ సోకని మూల అది. గులాబీలు పెట్టాడు, చచ్చాయి. గడ్డి చల్లాడు, నాచు మిగిలింది. సూర్యుడితో పోట్లాడి లాభం లేదని చివరికి బుద్ధి తెచ్చుకుని, నీడలో బతికే మొక్కలే ఏరి తెచ్చాడు. వెనక ఫెర్నులు, ముందు వెడల్పాకుల హోస్టాలు, నడుమ సూపులోకి పనికొచ్చే అడవి వెల్లుల్లి. ఆకుమట్టి మోసి మోసి నడుం పడిపోయింది. ఫలితం దక్కింది. ఈ వసంతంలో అడవి వెల్లుల్లి నాటినదానికి నాలుగింతలు లేచింది. తన చెయ్యి అంత మంచిదని తోటలన్నీ తిరిగి చెప్పుకున్నాడు.

పొద్దున్నే అతని భార్య ఉర్సెల్ ఆ ఆకు బుట్టెడు కోసి, ఇందాకే గదిలో పొయ్యిమీద పెట్టింది. నిండు చూలాలైన కూతురు ఆంకె ఆ సూపు కోసమే వచ్చింది.

"ఎవరు కోశారని అడుగుతుంటే!" మాసిన కోటువాడు మళ్లీ అరిచాడు.

"గొంతు తగ్గించు. టైమెంతయిందో చూసుకున్నావా?" అన్నాడు హార్ట్‌ముట్.

పక్కతోట ఎకార్ట్ కుర్చీలోంచే తీర్పు చెప్పేశాడు. ఏటా వసంతంలో ఈ కంచె చుట్టూ తచ్చాడే తాగుబోతట వాడు.

వాడు టైమూ చూసుకోలేదు, తీర్పూ వినలేదు. కంచె దూకాడు. మడిలో మోకాళ్లమీద పడి, రెండు చేతులా ఆకు పీకడం మొదలెట్టాడు. హార్ట్‌ముట్ రెండేళ్ల చాకిరీ వేళ్లతో సహా పైకి వచ్చేస్తోంది.

"ఎవడ్రా నువ్వు?"

వాడు గుప్పెడు ఆకు పైకెత్తి చూపిస్తూ నోరు తెరిచాడు.

ఆ నోటిమీదే పార పడింది.

పళ్లు రాలాయి. దవడ పక్కకి జారింది. ఆ తరవాత వాడి నోట్లోంచి నెత్తురూ గురగురా తప్ప మాట రాలేదు.

ఎకార్ట్ పరుగున వచ్చాడు. వచ్చినవాడు అడ్డుపడాలి. అడ్డుపడకపోగా తోటబూటుతో డొక్కలో తన్నాడు. ఎముక విరిగిన చప్పుడు ఇద్దరికీ వినపడింది. అది విన్నాకైనా మనుషులు ఆగుతారనుకుంటాం. ఇంకా తన్నారు, వంతులేసుకుని.

"చాల్లే, చచ్చేలా ఉన్నాడు," అని చివరికి ఎకార్టే వెనక్కి తగ్గాడు.

వాడు మోచేతులమీద పాకడం మొదలెట్టాడు. కంచెవైపు కాదు, గదివైపు.

గుమ్మం దగ్గర బల్లముందు ఆంకె కూచుని ఉంది. ఎదురుగా పొగలు కక్కే సూపు గిన్నె, పక్కనే కుండ. చేతిలో చెంచా అలాగే ఉండిపోయింది. లేవబోయింది గానీ ఆ పొట్టతో లేవలేకపోయింది. లోపల ఉర్సెల్ పోలీసులకి ఫోన్ చేస్తోంది.

వాడు బల్ల అంచు పట్టుకుని లేచాడు. ఒక్క ఊపుతో గిన్నే, కుండా రెండూ కిందికి లాగేశాడు. మరిగే సూపు వాడి ఛాతీమీదే పడింది. ఆంకె కెవ్వుమంది.

వాడు కూతురి మీద పడ్డాడనుకున్నాడు హార్ట్‌ముట్. ఏ తండ్రయినా అదే అనుకుంటాడు. ఈసారి పార అంచుతో కొట్టాడు, తలమీద.

వాడు మళ్లీ లేవలేదు.

ఆ కేకకి, తనిఖీకి బయల్దేరిన సంఘం పెద్ద రోస్‌విత లోపలికి వచ్చింది. నిశ్శబ్దవేళ ఈ గోలేమిటని అడగబోయిన ముసలావిడ, నేలమీద మనిషిని చూసి ఆగిపోయింది.

"మడంతా పీకేశాడండీ. ఆంకె మీద పడ్డాడు," అన్నాడు హార్ట్‌ముట్.

ఆవిడ మడివైపు చూడలేదు. కిందికి వంగి, బిగుసుకున్న పిడికిలి విప్పింది. లోపల నలిగిన ఆకులు. కొన్ని కాడకొక ఆకు చొప్పున ఉన్నాయి. మిగతావన్నీ ఒకే కాడకి జంటగా ఉన్నాయి.

"జంటాకులది అడవి వెల్లుల్లి కాదు. మే గంటలు, గంటల్లాంటి తెల్లపూలు పూసే విషపు మొక్క. దీంతో గుండె ఆగిపోతుంది," అంది రోస్‌విత. "అమ్మాయి తిందా?"

చెంచా నోటిదాకా వెళ్లలేదంది ఆంకె.

ప్రతి ఆకూ వాసన చూసే కోశానంది ఉర్సెల్. మొదటి నాలుగాకులతోనే వేళ్లకి వెల్లుల్లి వాసన పట్టేస్తుంది. ఆ తరవాత ఏ ఆకు ముట్టుకున్నా అదే వాసన. ఈ ఊళ్లో ఈ పొరపాటు అందరికీ తెలుసు, అయినా ఎవరో ఒకరు చేస్తూనే ఉంటారు.

"మే గంటలు నేను నాటలేదు," అన్నాడు హార్ట్‌ముట్. ఆ మాటే మళ్లీ మళ్లీ అన్నాడు.

"నువ్వు కాదులే. అప్పట్లోనే వేళ్లన్నీ తవ్వించేశాననుకున్నాను. మట్టిలో ఎక్కడో మిగిలినట్టున్నాయి."

ఆవిడ మెళ్లో గుడ్డ తీసి ఆ మొహంమీద నెత్తురు తుడిచింది. తుడుస్తూ తుడుస్తూ చెయ్యి ఆపేసింది.

"లోటార్," అంది మెల్లగా. "హార్ట్‌ముట్, నీకు ముందు ఈ తోట ఇతనిదే. ఇవి నాటిందీ ఇతనే, ఈ ఆకుతో సూపు కాచి తన చేత్తో కూతురికి తినిపించిందీ ఇతనే."