మొరాయించిన బండి

మధ్యాహ్నం మూడు గంటల ఇరవై నిమిషాలకు, కొండ మీద పార్కింగులో, గుమాస్తా ఏడుసార్లు కిక్కు కొట్టాడు. బండి స్టార్టు కాలేదు.

ఎందుకు కాలేదో పక్కనే నిలబడ్డ అతని స్నేహితుడికి తెలుసు. స్నేహితుడు మెకానిక్కు. బండి ఫ్యూజు అతని చొక్కా జేబులో, ఖాళీ అగ్గిపెట్టెలో ఉంది. గుమాస్తా టీ తేవడానికి వెళ్లినప్పుడు సైడు కవరు విప్పి తీశాడు. వేలి గోరంత గాజు గొట్టం.

"ఏం డాక్టరూ, నాడి ఆడుతోందా?" అన్నాడు గుమాస్తా.

"నువ్వు ముందు పక్కకి జరిగితే చూస్తా."

"రాత్రి తొమ్మిదికి నా రైలు."

"తెలుసురా. పొద్దుట్నుంచి ఇది పదోసారి చెప్పడం."

"దిగడానికే మూడు గంటలు. ఇంటికెళ్లి పెట్టె తీసుకోవాలి. ఇక్కణ్ణుంచి నాలుగున్నర దాటితే రైలు దాటిపోయినట్టే."

మెకానిక్కుకి కావలసింది అదే. గుమాస్తాకి బదిలీ అయింది. భార్యాపిల్లలు సామానుతో పోయిన వారమే వెళ్లిపోయారు. పదకొండేళ్లుగా ప్రతి ఆదివారం అతను షెడ్డుకి వచ్చి, పాత టైరు మీద కూర్చుని, సాయంత్రం దాకా కబుర్లు చెప్పి పని చెడగొట్టేవాడు. ఇది ఆఖరి ఆదివారం. ఈ రాత్రి రైలు తప్పితే మళ్లీ రైలు రేపు రాత్రికే. ఒక్క రోజు. మెకానిక్కు అంతకు మించి ఆశపడలేదు.

"స్టేషన్ దగ్గర నన్ను దింపేసి బండి నువ్వే ఉంచుకో అన్నాను," అన్నాడు గుమాస్తా. "అంతలోకే దీనికి ఏం పుట్టిందో."

"ఇచ్చే ముందే చచ్చింది. నీ దానాలన్నీ ఇంతే."

"ఊరికే ఇచ్చిన ఆవుకి పళ్లు లెక్కపెడతావేంరా?"

మెకానిక్కు ప్లగ్గు విప్పి, తుడిచి, బిగించాడు. మళ్లీ విప్పాడు. చైను చూశాడు. చైనుకీ స్టార్టింగుకీ సంబంధం లేదు.

"మామూలుగా శబ్దం విని రోగం చెప్పేస్తావు," అన్నాడు గుమాస్తా. "ఇవాళేమైంది?"

"శబ్దం వస్తేగా చెప్పడానికి."

పార్కింగు ఖాళీ అవుతోంది. కార్లు ఒక్కొక్కటే కిందికి దిగిపోయాయి. నాలుగూ ఐదుకి గుమాస్తా ఫోను మోగింది. అతను రెండడుగులు పక్కకి వెళ్లాడు గానీ, గాలి ఇటే వీస్తోంది.

"ఆఁ, కొండ మీదే ఉన్నాం... బండి మొరాయించింది... ఏం భయం లేదు, పక్కన డాక్టరున్నాడు... చిన్నది స్టేషన్‌కి వస్తానంటోందా? వద్దను. ఎవరూ రావద్దు. ఏ రైలుకి వస్తానో నేనే చెప్తాలే."

మెకానిక్కు చెవిన పడ్డది చిన్నదాని మాటే. ఆ పిల్ల తండ్రితో వచ్చినప్పుడల్లా షెడ్డులో బాల్‌బేరింగులు ఏరుకుని వెళ్లేది. అతను చేతులకంటిన మసిని గుడ్డతో తుడుచుకున్నాడు. సైడు కవరు విప్పాడు.

"దొరికింది," అన్నాడు, గుమాస్తా తిరిగొచ్చేసరికి. "ఫ్యూజు వదులైంది."

"ఇంతసేపూ ఆ ఫ్యూజు కనపళ్లేదా?"

"కనపళ్లేదు."

ఫ్యూజు పెట్టాక, అలవాటు కొద్దీ అన్నీ ఒకసారి సరిచూశాడు. ప్లగ్గు వైరు బిగువుగా ఉంది. ట్యాంకులో సగానికి పైగా పెట్రోలుంది. ట్యాంకు కింద ఎడంపక్కనున్న పెట్రోలు ట్యాపు తెరిచి ఉంది. మొదటి కిక్కుకే బండి స్టార్టయింది. అప్పుడు టైము నాలుగుంపావు.

"అదృష్టమే," అన్నాడు గుమాస్తా. హెల్మెట్ బెల్టు పెట్టుకోవడానికి అతనికి చాలాసేపు పట్టింది.

గుమాస్తా నడుపుతున్నాడు. మెకానిక్కు వెనక కూర్చున్నాడు. వచ్చేటప్పుడు గొంతులు పోయేలా మాట్లాడుకున్నారు. ఇప్పుడు ఇద్దరూ మలుపులు లెక్కపెడుతున్నారు. మూడో మలుపు దగ్గర గుమాస్తా ఎడంచెయ్యి హ్యాండిల్ వదిలి మోకాలి వైపు దిగింది.

"ఏంట్రా?"

"చలికి మోకాలు పట్టేసింది."

ఆరో మలుపు దాటాక ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

మెకానిక్కు కిందికి దూకాడు. ఈసారి అతను ఏమీ చెయ్యలేదు. అయినా చెయ్యి ముందు చొక్కా జేబుకే పోయింది. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకోవడమంటే ఇదే. అగ్గిపెట్టె ఖాళీ. ఫ్యూజు దాని చోట అది ఉంది. ప్లగ్గు విప్పాడు. ఊది, బిగించి, కిక్కు కొట్టాడు. మళ్లీ కొట్టాడు. చెమట కంట్లోకి కారింది.

"నిన్ను రైలెక్కించే పూచీ నాది," అన్నాడు. ఆ రోజు బండి గురించి అతను చెప్పిన మాటల్లో నిజం అదొక్కటే. "పది నిమిషాలు ఓపిక పట్టు."

"తొందరేం లేదురా," అన్నాడు గుమాస్తా.

రోడ్డు వారగా ఉన్న పిట్టగోడ మీదికెక్కి, లోయ వైపు కాళ్లు వేలాడేసుకుని కూర్చున్నాడు. వాచీ చూసుకోలేదు. పక్కనున్న దుమ్ముని అరచేత్తో దులిపాడు, ఇంకో మనిషికి సరిపడా.

నాలుగున్నర దాటింది. మెకానిక్కు రోడ్డు మీద మోకాళ్లూని, ట్యాంకు కిందికి చెయ్యి పోనిచ్చాడు.

"దొరికిందా డాక్టరూ?" అన్నాడు గుమాస్తా, వెనక్కి తిరక్కుండా.

"లేదు," అన్నాడు మెకానిక్కు.

అతని వేళ్లు పెట్రోలు ట్యాపు మీద ఉన్నాయి. ట్యాపు కట్టేసి ఉంది.