రెండో గీత

ల్యాబ్ బల్ల మీద వరసగా పెట్టిన ప్రెగ్నెన్సీ కిట్లన్నీ ఒక్క గీతతో బుద్ధిగా ఉన్నాయి. చివరిది మాత్రం రెండో గీత కూడా గీసుకుంది.

నర్సింగ్ రెండో ఏడాది అమ్మాయిలంతా గుడ్లప్పగించారు. ఎవరి శాంపిల్ వాళ్ళే తెచ్చుకుని, ఎవరి పరీక్ష వాళ్ళే చేసుకోవడం ఆనాటి ప్రాక్టికల్. ఒక గీతొస్తే కడుపు లేనట్టు, రెండొస్తే ఉన్నట్టు. తన క్లాసులో ఇంతవరకూ ఏ పిల్లకీ రెండు రాలేదని ట్యూటరమ్మ ఊరంతా చెప్పుకుంటుంది.

ఆవిడకి పిల్లలు చాటుగా పెట్టుకున్న పేరు సైరన్. ఆ సంగతి ఆవిడకీ తెలుసు. తెలిసినా గొంతు ఇసుమంత కూడా తగ్గించలేదు.

"ఎవరిదే ఇది?"

వెనక బెంచీలోంచి మౌనవ్రతం లేచి నిలబడింది. ఆ పిల్ల నోట్లోంచి మాట ఊడిపడటం గగనం కాబట్టి క్లాసు పెట్టిన పేరది.

సైరన్‌ స్టూలు మీద కూలబడింది. కడుపులో దేవినట్టయింది. పోయి పోయి ఈ పిల్లా? క్లాసు మొత్తంలో ఆవిడకి మమకారమంటూ ఎవరి మీదైనా ఉంటే, అది ఈ పిల్ల మీదే.

"కిట్టు పాడైందేమో మేడమ్," అంది పక్క సీటు పిల్ల.

అదే కప్పులోంచి ఇంకో కిట్టు మీద చుక్కలు వేశారు. రెండు గీతలు. మూడో కిట్టు తీశారు. ఈసారి రెండో గీత ఇంకాస్త ముదురుగా తేలింది.

"ఇంకో శాంపిల్ ఇవ్వు, తేలిపోతుంది," అని సైరన్ ఆ పిల్లని బాత్రూమ్‌లోకి తోసింది.

లోపల్నించి కాసేపటికి సన్నగా వినబడింది.

"రావట్లేదు మేడమ్."

క్లాసంతా తలా ఒక సీసా నీళ్ళు తలుపు సందులోంచి అందించింది. ఆయా వచ్చి బయట కుళాయి తిప్పి ధారగా వదిలింది. లాభం లేకపోయింది. చివరికి అమ్మాయిలంతా తలుపు చుట్టూ మూగి, చంటిపిల్లల్ని కూర్చోబెట్టినట్టు "స్స్‌స్స్" అని ఒకటే ఊదడం. లోపలున్న పిల్లకి చుక్క రాలేదు గానీ, ఈ గోలకి సైరన్‌కే ఆగలేదు. స్టాఫ్ బాత్రూమ్‌కి రెండుసార్లు పరుగెత్తింది. అంతా కంగారు వల్లేననుకుంది.

ఇక లాభం లేదని ఆ పిల్లని తన గదిలోకి లాక్కుపోయి తలుపేసింది.

"మొదటి పాఠమే ఇది కదే. వాసనలు పడవు, నిద్ర ముంచుకొస్తుంది, ఊరికే విసుగొస్తుంది, మాటిమాటికీ బాత్రూమ్‌కి పోవాలనిపిస్తుంది. గొంతు చించుకుని చెప్పానా లేదా?"

"చెప్పారు మేడమ్."

"మరి ఒక్కటైనా తెలిసిందా?"

"నాకవేం లేవు మేడమ్."

"ఒంట్లో ఏం జరుగుతోందో తెలీనిదానివి రేపు రోగుల్నేం చూస్తావే?" అంటూ సైరన్ ఆవులింత ఆపుకుంది. టేబుల్ మీద స్పిరిట్ సీసా మూత ఎవరు తీసి చచ్చారో, ఆ కంపుకి తల తిరిగిపోతోంది. మూత బిగించి దూరంగా నెట్టింది. "దేనికైనా ఒక వయసంటూ ఉంటుంది. నలుగురూ నోళ్ళు నొక్కుకోరూ? మా ఇంట్లో గనక ఇలాంటి కబురు వింటే మా ఆయన అక్కడికక్కడే పడిపోతాడు. పెళ్ళీడుకొచ్చిన మా అబ్బాయైతే ఇల్లొదిలి పోతాడు. ఏం మొహం పెట్టుకుని చెప్తావు ఇంట్లో?"

"నాకూ అదే తెలీట్లేదు మేడమ్," అంటూ ఆ పిల్ల ఆవిడ వంక మహా జాలిగా చూసింది.

ఆ చూపుకి సైరన్‌కి ఒళ్ళు మండింది. తప్పు చేసింది ఇది, జాలి తన మీదా?

మండింది గానీ, ఆ వెంటనే దుఃఖం కూడా వచ్చింది. ఈమధ్య ప్రతిదానికీ కళ్ళల్లో నీళ్ళొచ్చేస్తున్నాయి. ప్రిన్సిపాల్ చెవిన పడితే ఈ పిల్లని ఆ పూటే ఇంటికి పంపేస్తారు. వాళ్ళమ్మ జాకెట్లు కుట్టి చదివిస్తోంది. అంత కష్టమూ బూడిదలో పోసిన పన్నీరే.

"చూడు. నేను నీకు తల్లి లాంటిదాన్ని. ప్రిన్సిపాల్ కాళ్ళు పట్టుకునైనా నీ చదువు ఆగకుండా చూస్తాను. నిజం ఒక్కటి చెప్పు చాలు."

"మీరు తట్టుకోలేరు మేడమ్."

"ఎన్ని వందల పురుళ్ళు పోశానే నేను? నేను తట్టుకోలేనిదంటూ ఉందా?"

మౌనవ్రతం తల వంచుకుని కాలి బొటనవేలితో నేల గీకడం మొదలుపెట్టింది. సైరన్ విసిగిపోయి ఫోను తీసి వాళ్ళమ్మ నంబరు నొక్కింది. అవతల రింగవుతోంది. ఆ పిల్ల ఒక్క ఉదుటున వచ్చి ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"అమ్మకొద్దు మేడమ్. చెప్తాను."

"చెప్పి ఏడు."

మౌనవ్రతం కళ్ళు గట్టిగా మూసుకుంది.

"పొద్దున నాకెంతకీ రాకపోతే, షుగర్ పరీక్షకని స్టాఫ్ బాత్రూమ్‌లో పెట్టిన సీసాలోంచి కొంచెం వంచుకున్నాను మేడమ్, దాని మీద మీ పేరుంది."