అడ్వా తాయెత్తు

"బేడీలు వేసి లాక్కుపో!" అరిచాడు బెయెనె. ఎనభై నాలుగేళ్ల గొంతు వీధి చివరిదాకా వినిపించింది.

అడిస్ అబాబా అంతా డప్పులతో ఊగిపోతోంది. తాతల కాలంలో అడ్వాలో ఇటలీ సైన్యాన్ని మట్టికరిపించిన రోజు పండగ. ఏటా ఊరేగింపు ముందు వరసలో నడిచేది బెయెనెనే. సింహపు జూలు టోపీ పెట్టుకున్నాడు, డాలు పట్టుకున్నాడు. మెడ మాత్రం బోసిగా ఉంది. ఆ యుద్ధంలో తాత దెస్తా కట్టుకున్న, నీలిపూసలు కుట్టిన తోలు తాయెత్తు పొద్దున్న మాయమైంది. వెనకవాటాలో అద్దెకుంటూ కాఫీ అమ్ముకునే లెతెబర్హాన్ బుట్టలో దొరికింది.

"యాభై ఏళ్లొచ్చాయి, ఏం పోయేకాలమమ్మా?" కానిస్టేబుల్ తిలాహున్ ఆమె చేతులకు బేడీలు తగిలించాడు. "దేశమంతా టీవీలో చూసి దండం పెట్టే వస్తువు!"

"నేనూ టీవీలోనే చూశాను. అందుకే అడ్వా నుంచి వచ్చి ఈ ఇంట్లో దిగాను. ఆ నీలిపూసలు కుట్టింది మా ముత్తవ్వ. ఆ యుద్ధంలో పోయిన ముత్తాత శవం ఇంటికొచ్చేసరికి మెడలో తెగిన తాడే ఉందట."

"అబద్ధం!" బెయెనె తాయెత్తును గుప్పిట్లో బిగించాడు. "మా తాతలాంటివాళ్లు నిలబడబట్టే ఎవడికీ తలవంచని జాతి అనిపించుకున్నాం. నలభై ఏళ్లుగా బడిపిల్లలకు ఇదే చూపించి చెబుతున్నా!"

"అయితే విప్పండి గాషే," పెద్దాయన్ని మర్యాదగానే పిలిచింది లెతెబర్హాన్. "కట్టుకున్నవాడి జ్ఞానస్నానపు పేరు లోపలి చీటీలో ఉంటుందిగా. మా ముత్తాత పేరు గెబ్రె కిదాన్ అని లేకపోతే నన్ను జైల్లో తోయించండి."

"విప్పితే మహిమ పోతుంది. ఎప్పటికీ విప్పనని తాత నాచేత ఒట్టు..."

మాట మధ్యలోనే వదిలేసి తాయెత్తు కుట్లవైపు చూశాడు.

"ఊరేగింపు కదిలింది గాషే," తిలాహున్ తొందరపెట్టాడు. "ఈవిణ్ణి స్టేషన్లో పడేసి వస్తా."

"ఉండు."

బెయెనె డాలు కింద పెట్టాడు. కత్తిమొనతో కుట్లు తెంపాడు. పెళుసెక్కిన తోలు చీటీ చిటపటమంటూ విచ్చుకుంది. పెదవులు కదుపుతూ చదివాడు. మళ్లీ మొదటినుంచీ చదివాడు. వీధిలో కొమ్ము బూర మోగింది. ఆయన తలెత్తలేదు.

"బేడీలు తియ్యి," అన్నాడు చివరికి.

తాయెత్తును లెతెబర్హాన్ మెడలో కట్టాడు. ముడి పడటానికి చాలాసేపు పట్టింది. "పద తల్లీ. ముందు నువ్వు నడు."

తిలాహున్ బిక్కమొహం వేశాడు. "మరి కేసో? దొంగ పేరు ఏం రాయమంటారు?"

"దెస్తా," అన్నాడు బెయెనె. "మా తాత."