తెల్లకాళ్ల ఈగ

"తవ్విన గుంత తవ్వినట్లే పూడ్చుకొని పోండి. నా కాయ ఒక్కటి గూడా దాంట్లో పడదు" అంది మారెమ్మ.

జేసీబీ డ్రైవరు ఇంజన్ ఆపి ఆఫీసరు శశికుమార్ వైపు చూశాడు. తోటలు తనిఖీ చేసే ఆ కుర్ర ఆఫీసరు చెమట తుడుచుకున్నాడు.

శింగనమల దగ్గర రెండెకరాల చీనీ తోట, అంటే బత్తాయి తోట అది. మారెమ్మ, ఆమె మొగుడు పుల్లన్న రెండు ఎండాకాలాలు ట్యాంకర్లతో నీళ్లు తోలి ఆ చెట్లను బతికించుకున్నారు. ఇప్పుడు కాయ పక్వానికి వచ్చింది. ఎల్లుండి లారీ వస్తుంది. సరిగ్గా ఇప్పుడే ఆకుల మీద ఒక చిన్న ఈగ ఈ మహానుభావుడి కంటపడింది. అంతే, కాయలన్నీ కోయించి పాతిపెట్టాలని ఆర్డరు పట్టుకొచ్చాడు.

"నా మాట వినమ్మా. ఇది బయట నుంచి వచ్చిన కొత్త ఈగ. కాయలో గుడ్లు పెడుతుంది. ఈ తోటను వదిలేస్తే చుట్టుపక్కల ఒక్క చీనీ చెట్టు మిగలదు."

"ఇది మన ఈగే సారూ. కొమ్మలకు తెల్లగా పిండినల్లి పడితే, దాన్ని తినేకి వస్తాది. కాయ జోలికి పోదు." మారెమ్మ ఒక కాయ తెంపి, కొడవలితో రెండు చెక్కలు చేసి అతని ముందు పెట్టింది. "పురుగు యాడుండాదో చూపీ."

శశికుమార్ చూశాడు. పురుగు లేదు. "ఇప్పుడు కనపడదు, తర్వాత వస్తుంది. మన ఈగ ఎట్లా ఉంటుందో ఈ పుస్తకంలో ఉంది" అన్నాడు సంచిలోంచి లావుపాటి పుస్తకం తీస్తూ.

"అయితే తెరువు. నేను చెప్తా, నువ్వు సరిచూసుకో."

"ఆఫీసర్లతో మనకెందుకే, ఊరుకో" అన్నాడు పుల్లన్న మెల్లగా. కాయలు పోతే పోయాయి, కేసులేమైనా పెడతారేమోనని అతని భయం.

"నువ్వు గమ్మునుండు" అంది మారెమ్మ.

శశికుమార్ ఒక ఈగను గాజుసీసాలో పట్టి భూతద్దం పెట్టాడు. మారెమ్మ సీసా వైపు చూడనైనా చూడలేదు.

"ఒళ్లు నువ్వుగింజలో సగం. బూడిద రంగు."

"ఊఁ."

"వీపు మీద నిలువుగా రొండు గీతలు. కండ్లు ఇటికరాయి రంగు."

అతను పుస్తకంలో వేలు పెట్టి వరుస చూసుకున్నాడు. "సరే."

"రెక్క ఒంటికన్నా పొడుగు. కొసన పొగచూరినట్ల మరక. కూచున్నప్పుడు రొండు రెక్కలూ ఒకదాని మీద ఒకటి ఏస్తాది. కడుపు మీద మూడు నల్ల చుక్కలు, ఆడదానికైతే నాలుగు."

శశికుమార్ సీసాను అటూ ఇటూ తిప్పి, చుక్కలు లెక్కపెట్టి, తలూపాడు. "అద్దం లేకుండా ఇవన్నీ ఎట్లా చూశావమ్మా?"

"మీకు అద్దం కావాల. మాకు ఓపికుంటే చాలు. పూత కాణ్నించి దాని ఎనకాలే తిరుగుతాండా."

"కాళ్లు?"

"తెలుపు. జొన్నపిండి మాదిరి."

అతను పుస్తకం టప్పున మూశాడు. "నేను చెప్పేదీ అదే. మన ఈగకు మోకాళ్ల దాకా నిమ్మపండు రంగు. దాన్ని చూసే గుర్తుపట్టాలని రాసుంది. దీనికి తెలుపు. అంటే ఇది అది కాదు. కూలీలను పిలిపిస్తున్నా."

అతను ఫోను తీసేలోగా మారెమ్మ గుంతలోకి దిగి, చీర కుచ్చెళ్లు ఎగదోపుకొని నడిమధ్యన నిలబడింది.

"పుస్తకమే తప్పు" అంది అక్కడ నుంచి.

"రాసినాయన ముప్పై ఏళ్లు ఈగల మీదే పనిచేశాడు. ఆయనకన్నా నీకే బాగా తెలుసా?"

"ఎన్ని ఈగల్ని చూసి రాసినాడంట?"

శశికుమార్ విసుగ్గా పేజీ తిప్పాడు. కింద చిన్న అక్షరాల్లో ఉన్నదాన్ని రెండుసార్లు చదువుకున్నాడు. "ఒకటి."

"ఒకటేనా? రేపు ఎవురో వచ్చి ఊర్లో ఒక్క బట్టతలోణ్ని చూసి, ఈ ఊరోళ్లందరికీ బట్టతలేనని రాసుకొని పోతే ఒప్పుకుంటావా?"

డ్రైవరు నవ్వాడు. పుల్లన్న నెత్తిమీద తువ్వాలు సర్దుకున్నాడు. శశికుమార్‌కు ఒళ్లు మండింది. మనసులో ఎక్కడో అనుమానం కూడా మొదలైంది, అందుకే ఇంకా ఎక్కువ మండింది.

"ఒకటైనా పదైనా, రంగు రంగే కదమ్మా. ఆయన కళ్లారా చూసి రాశాడు."

"ఆ ఒక్కదాన్ని యాడ పట్టినారంట?"

"యాడికి అనే ఊళ్లో. రెండువేల ఒకటి, మే నెల. 'చీనీ చెట్ల కింద ఊరి అమ్మాయి ఒకతె చేత్తో పట్టి ఇచ్చింది' అని రాశాడు."

మారెమ్మ గుంతలో నుంచి తల పైకెత్తింది. "పేరు రాయలేదా?"

"లేదు. ఎవరో అమ్మాయి."

"ఎవరో ఏందప్పా. యాడికి మా పుట్టినూరు. ఆయప్ప సీసా పట్టుకొని పొద్దన్నుంచీ మా చెట్ల కింద దుంకుతాండె, ఒక్క ఈగ గూడా దొరకల్యా. చూసి చూసి తట్టుకోలేక, మా యమ్మ తిడతాన్నా ఇనకుండా పీట మీద నుంచి లేచిపోయి నేనే పట్టిచ్చినా."

"ఏం పీట?" అన్నాడు శశికుమార్.

"పెండ్లికూతుర్ని చేసి కూచోబెట్టిన నలుగు పీట. నా చేతులకు మోచేతుల దాకా తడి పసుపు."