తలరంగు

"కదలకు. కదిలితే చెవులకు గూడ వయసు తగ్గుతది" అంది సుగుణమ్మ.

బస్వరాజ్ ఊపిరి కూడా ఆచితూచి పీల్చాడు. మెడ చుట్టూ పాత టవలు చుట్టుకొని, పీట మీద కూర్చొని, తల ఆమె చేతుల్లో పెట్టేశాడు. హైదరాబాదు నుంచి తెప్పించిన రంగు పొట్లం ఆ తలకు ఏ మూలకూ చాలదని తేల్చి, సుగుణమ్మే ఇంకేదో పొడి కలిపింది. ఆముదం పోసి రంగరించింది. పుల్లకు గుడ్డ చుట్టి, కుదురు కుదురుకూ పట్టిస్తోంది.

బస్వరాజ్‌కు తల నెరిసింది గానీ తలపు నెరవలేదు. నలభై దాటాక పెళ్లిచూపులకు బయల్దేరాడు. చూపుకేం లోటు లేదు, ఇక పెళ్లే కావాలి.

కానీ పిల్ల తండ్రి మహాదేవప్పతోనే చిక్కు. ముసలి అల్లుడంటే ఆయనకు పడదు. ఒక్క తెల్లవెంట్రుక కంటబడితే చాలు, చాయ్ తాగించి తిరుగుబస్సు ఎక్కిస్తాడని మధ్యవర్తి వీరప్ప ముందే హెచ్చరించాడు. ఇది తప్పితే ఇంకో సంబంధం తేవడం తన వల్ల కాదనీ చెప్పేశాడు.

నిజానికి బస్వరాజ్ మహాదేవప్ప కన్నా ఎక్కువ భయపడింది సుగుణమ్మకు. జహీరాబాద్‌లో ఆ ఇల్లు ఏళ్ల తరబడి ఆమె చెప్పుచేతల్లోనే నడుస్తోంది. ఉప్పు డబ్బా ఏదో, పప్పు డబ్బా ఏదో కూడా అతనికి తెలీదు. ఇంకో ఆడమనిషి గడప దాటి వస్తుందంటే అరుస్తుందనుకున్నాడు. అరవలేదు. అంతకంటే ఘోరంగా, మాట్లాడటం మానేసింది. ఇక ఇంతే సంగతులనుకుంటుండగా ఇవాళ పొద్దున ఆమే నవ్వుకుంటూ వచ్చి, "నెత్తి గిట్ల తెల్లగ పెట్టుకొని పోతవా? రా, నేను రంగేస్త" అంది.

అలకకు పోయిన మనిషి తలకు వచ్చిందని బస్వరాజ్ పొంగిపోయాడు.

"నీకేం కోపం లేదు గద సుగుణా?"

"నాకేంటికి కోపం? నాకు తోడుంటది. ఇసుర్రాయి ఆమె తిప్పితె జొన్నలు నేను పోస్త."

"మంచిగ చూసుకుంటవా ఆమెను?"

"నిన్ను చూసుకున్నట్టే చూసుకుంట" అంటూ సుగుణమ్మ ఇంకో పూత వేసింది.

ఆ తర్వాత వీరప్ప వచ్చాడు. సుగుణమ్మ చాయ్ ఇస్తే, ఆమె ముఖం చూడకుండా గటగటా తాగేసి, "బస్సు టైమయింది, జల్ది జల్ది" అని వాకిట్లోకి పోయి నిలబడ్డాడు.

బస్వరాజ్ చీకటి గదిలో అద్దం చూసుకున్నాడు. జుట్టు నిగనిగలాడుతోంది. ఆ నిగనిగ చూసి నిగ్రహం తప్పి, రెండుసార్లు ఈల వేశాడు. సుగుణమ్మ వచ్చి మందపాటి ఎర్ర రుమాలు తలకు బిగించి కట్టింది.

"తొవ్వల దుమ్ము ఉంటది. వాళ్లింటికి పోయినదాంక ఇప్పకు. అందరు కూసున్నంక, ఎండ పడేకాడ కూసొని తీయి. గప్పుడు తెలుస్తది నీ తలకాయ విలువ."

ఎర్రబస్సు బొంబాయి రోడ్డు మీద లారీల వెనక ఊగుతూ, కర్ణాటకలో ఉన్న పిల్లవాళ్ల ఊరు హుమ్నాబాద్ చేరింది. దారి పొడుగునా వీరప్పది ఒకటే పాట. "నేను మాట్లాడుత. నువ్వు తల ఊపు, సాలు."

తలకు ఇవాళ చేతినిండా పనే అనుకున్నాడు బస్వరాజ్.

మహాదేవప్ప అల్లం అమ్మడానికి జహీరాబాద్ వచ్చిపోయే మనిషి. తెలుగు బాగానే మాట్లాడతాడు. వాకిట్లో మంచం వేయించి, మర్యాదలన్నీ చేశాడు. తలుపు పక్కన పెళ్లికూతురు శాంతమ్మ తలొంచుకొని నిలబడింది.

"ఇంతదాంక ఈయన పెండ్లెందుకు గాలే?" అన్నాడు మహాదేవప్ప.

వీరప్ప గొంతు సవరించుకున్నాడు. "చెల్లెండ్ల పెండ్లిలు చేసుకుంట చేసుకుంట వయసు పోయింది... అంటె, పోలే. జర జరిగింది."

బస్వరాజ్ తల ఊపాడు.

"ఉడుకపోస్తున్నట్టుంది. రుమాలు తీయున్రి, గాలాడుతది."

ఆ మాట కోసమే కాచుకున్న బస్వరాజ్ ఎండలోకి జరిగి, ఠీవిగా, శాంతమ్మ వైపు ఓరగా చూస్తూ రుమాలు విప్పాడు.

వాకిట్లో అందరూ మెడలు చాచి చూశారు.

అది నలుపు కాదు. నలుపుకు నాలుగూళ్ల అవతలుండే రంగు. చిక్కటి, ముదురు, మొండి నీలం. నెమలి చూస్తే చుట్టరికం కలుపుకునేంత నీలం. పైగా బస్సులో పట్టిన చెమట ఇప్పుడు దారి వెతుక్కుంది. తలరాత కంటికి కనబడేది కాదు గానీ, బస్వరాజ్‌ది మాత్రం నీలిసిరాతో నుదుటి మీంచి ముక్కు మీదికి, ముక్కు మీంచి తెల్లచొక్కా మీదికి దిగి, అందరికీ చదవడానికి వీలుగా ఆగింది.

శాంతమ్మ కొంగు నోట్లో కుక్కుకొని లోపలికి పరుగెత్తింది. లోపల నవ్వు పగిలింది.

మహాదేవప్ప లేచొచ్చి, ఆ నీలాన్ని వేలికి అంటించుకొని, వాసన చూశాడు. ఆయన ముఖం ఎర్రబడింది.

"ఇది ఎడ్ల పండుగకు కొమ్ములకు పూసే రంగు! మా ఎడ్లకు గూడ గిదే పూస్తం. నువ్వు అల్లునివా, ఎద్దువా?"

"మహాదేవప్పా, జర ఇను..." అంటూ వీరప్ప అడ్డం వచ్చాడు.

"ఏం ఇనాలె? నా బిడ్డను ఎగతాళి చేయనీకి పనిగట్టుకొని పూసుకొని వచ్చిండు!"

ఎద్దు అన్నా పడేవాడేమో గానీ, కావాలని పూసుకున్నాడంటే బస్వరాజ్‌కు ఒళ్లు మండిపోయింది. సంబంధం కళ్లముందే జారిపోతోంది. వీరప్ప తొడ గిల్లుతున్నా వినకుండా ఒక్క ఉదుటున లేచాడు.

"నేనెందుకు పూసుకుంట మామా, నా నెత్తికి గీ రంగు పూసింది నా పెండ్లాం!"