సబానా ఓండా కొంగల ఆఖరి ఆట

అదికాదు యోకాస్తా, ముందు నికాసియో సంగతి రాయమ్మా. దోన్ అబెలార్దో సంగతి తర్వాత. జట్టు ఆయనదే కావచ్చు, కానీ ఆ వారమంతా కాలు నిలవక తిరిగినవాడు నికాసియో.

మా సబానా ఓండా బేస్‌బాల్ జట్టు పేరు కొంగలు. ఆ ఏడాది వరసగా పదకొండు ఆటలు ఓడారు. మూడు వేలమంది పట్టే స్టేడియంలో యాభైమంది కూర్చునేవారు. గేటు దగ్గర టికెట్లు చింపేవాణ్ణి నేనే కనుక నాకు తెలుసు. బుధవారం దోన్ అబెలార్దో రేడియోలో చెప్పేశాడు. "ఆదివారం ఆఖరి ఆట. జట్టు గెలవాలి, స్టేడియం నిండాలి. రెండూ జరిగితే కొంగలు ఇక్కడే ఉంటారు. ఏది తప్పినా వచ్చే ఏడు రాజధానికి పట్టుకుపోతాను."

మర్నాడు తెల్లారకుండానే నికాసియో మా ఇంటికొచ్చాడు. పంచదార మిల్లులో ముప్పై ఏళ్ళు బాయిలర్ ముందు నిలబడ్డ మనిషి. భార్య పోయాక ఆయనకి మిగిలింది ఆ ఆటొక్కటే. కాఫీ ఇస్తే ముట్టలేదు.

"నేను రాను బావా," అన్నాడు.

"ఎక్కడికి?"

"ఆటకి. ఈ ఏడాది ఆరుసార్లొచ్చాను. ఆరుసార్లూ ఓడారు. నాకు ఫుకూ పట్టింది."

కీడు తగలకుండా నేను గబుక్కున చెక్కబల్ల మీద మూడుసార్లు కొట్టాను. "ఆ మాట పైకి అనకయ్యా!"

"నీకొక్కడికే చెప్తున్నా."

ఫుకూ అంటే మా దగ్గర ఏలినాటి శని కన్నా పెద్దది. పట్టినవాడు అడుగుపెట్టిన చోటల్లా చెడుతుంది. అది పట్టిందని తెలిస్తే పెళ్ళికి పిలవరు. దోమినో బల్ల దగ్గర కుర్చీ జరపరు. అందుకే ఎవడూ చెప్పుకోడు.

"నేను లోపల లేకపోతే గెలుస్తారు," అన్నాడు నికాసియో. "ఇక నింపడమంటావా, మిగతా ఊరుంది. ఒక్కొక్కణ్ణీ లాక్కొస్తాను చూడు."

లేచి తిన్నగా తెలేస్ఫోరో సెలూన్‌కి వెళ్ళాడు. తెలేస్ఫోరో నెత్తిన కొంగల టోపీ, పక్కన రేడియో.

"ఆదివారం వస్తున్నావుగా?"

"పన్ను నొప్పి."

"ఆదివారం వచ్చే నొప్పి గురువారమే ఎలా తెలిసిందిరా?"

"మంచి నొప్పి. చెప్పి వస్తుంది. నువ్వెళ్తున్నావా?"

"ఎందుకెళ్ళనూ! ముందు వరస నాదే."

"ఇంకేం మరి. నా వంతు కేకలు కూడా నువ్వే వేసెయ్యి."

అక్కణ్ణించి అరటికాయ ముక్కలు వేయించే దోన్యా ఎదువిహెస్ దగ్గరికి.

"మోకాళ్ళు నాయనా. ఆ మెట్లు ఎక్కలేను," అందామె.

"మొన్న చర్చి గంట దాకా ఎక్కావటగా!"

"అది దేవుడి కోసం. ఈ కొంగల్ని ఆయనే వదిలేశాడు, నేనెంత?"

ఇలా ఊరంతా. ఒకడి మేక ఈనబోతోంది. ఇంకొకడికి చుట్టాలు. ఒకామెకి ఎండ పడదట, రోజంతా చెరుకు కోసే మనిషికి! శనివారానికి నికాసియో గొంతు పోయింది.

"ఈ ఊరికి సిగ్గు లేదు బావా," అన్నాడు. "జట్టు పోయాక గుండెలు బాదుకుంటారు. అప్పుడు నేను నవ్వుతా."

ఆదివారం మధ్యాహ్నం గేటు దాకా వచ్చాడు. వెనక్కెళ్ళాడు. మళ్ళీ వచ్చాడు.

"ఎంతమంది?"

"నలభై. ఎక్కువమంది అవతలి జట్టు బస్సులో దిగినవాళ్ళే."

"మనవాళ్ళు?"

నేను చింపిన టికెట్ల బకెట్టు ముందుకి జరిపాను. నికాసియో గేటు ఊచలు పట్టుకుని నిలబడ్డాడు.

"రావయ్యా, నువ్వొస్తే ఒక తలైనా పెరుగుతుంది," అన్నాను.

"ఓడితే?"

"నిండకపోయినా పోయేదేగా!"

"ఇంకా టైముంది. వస్తారు. నా మూలంగా మాత్రం ఓడకూడదు."

చొక్కాలో రేడియో దాచుకుని స్టేడియం గోడ వెనక చెరుకుతోటలోకి దూరాడు. కోత ఇంకా అటువైపు రాలేదు, రెండు నిలువుల ఎత్తుంది. లోపల పక్కనే ఆకులు కదిలితే పందికొక్కులనుకున్నాడట. రేడియో మాట రెండేసిసార్లు వినిపిస్తుంటే బాయిలర్ దెబ్బకి పోయిన తన చెవుల్ని తిట్టుకున్నాడట.

తొమ్మిదో ఇన్నింగ్స్, అదే ఆఖరిది. పరుగులు మూడుకి మూడు. మన కుర్రాడు కొట్టిన బంతి గోడ దాటి చెరుకులో పడింది. కొంగలు గెలిచారు.

అప్పుడు లేచింది చూడు, కేక! నేల అదిరింది. నా చేతిలోంచి టికెట్ల బకెట్టు జారిపోయింది.

దోన్ అబెలార్దో ఉలిక్కిపడి చుట్టూ చూశాడు. బెంచీలు ఇంచుమించు ఖాళీ. ఆయన మొహం ఎర్రబడింది. "నన్ను వెక్కిరించడానికి ఎవరో స్పీకరు పెట్టారు," అని కారెక్కాడు. అద్దం దించి నాతో అన్నాడు, "గెలిచారు. కానీ వీళ్ళు ఈ ఊరికి అక్కర్లేదు." వెళ్ళిపోయాడు.

దుమ్ము అణగకముందే నికాసియో పరిగెత్తుకొచ్చాడు. జుట్టునిండా చెరుకాకు, కళ్ళనిండా నీళ్ళు.

"నిండిందిగా బావా! ఆ కేక విన్నాను! నిండిందిగా!"

బకెట్టు చూపించాను. అడుగున అరవై మూడు చింపిన ముక్కలు.

"మరి అరిచిందెవరు?" అన్నాడు.

ఇద్దరం గోడ వైపు తిరిగాం.

యోకాస్తా, దోన్ అబెలార్దోకి ఇప్పుడు చూపు లేదట. మన ఊరికి జట్టు మీద ప్రేమ లేదని ఇంకా అంటుంటాడట. మీ మేనత్త మినెర్వా రాజధానిలో ఆయన వీధిలోనే ఉందిగా, ఇది ఆమెకి పంపు. ఆయన పక్కన కూర్చుని చదివి వినిపించమను. ఆఖరి మాట నిదానంగా చదవమను.

స్పీకరు కాదు దొరా, ఊరంతా ఆ చెరుకుతోటలోనే ఉంది, ఎవరి ఫుకూ వాళ్ళు చంకన పెట్టుకుని.