నల్ల పట్టీలు

"ఇదేనా రావడం? పొద్దున్నే మనిషిని పంపిస్తానన్నాడే మీ షాపాయన!"

గేటు తీసుకుని వచ్చిన మనిషిని బసవపున్నయ్య గుమ్మంలోనే నిలదీశాడు.

వచ్చినాయనకి అరవై దాటి ఉంటాయి. భుజాన గుడ్డసంచి. బందరు బస్సు దిగి గుడివాడ ఎండలో నడుచుకుంటూ వచ్చినట్టున్నాడు.

"నేను... ఆదివారం నాటకం సంగతి విని వచ్చానండీ."

"నాటకం సంగతి ఊరంతా విన్నదేలేవయ్యా. ముందీ వైర్ల సంగతి చూడు."

ఆయన ఏదో చెప్పబోయాడు. గది మధ్యలో చిక్కుపడి ఉన్న వైర్లు చూసి ఊరుకున్నాడు.

బసవపున్నయ్య తొందరకి కారణం ఉంది. పన్నెండేళ్ల కిందట కోడూరులో ఆయన రాజు వేషం కట్టి పాడిన పద్యాన్ని నాటక కమిటీవాళ్లు ఈమధ్యే యూట్యూబ్‌లో పెట్టారు. వచ్చే ఆదివారం గుడివాడలో మళ్లీ అదే వేషం, అదే పద్యం. తీరా చూస్తే, చివర రాగం తీసేచోట ఊపిరి అందడం లేదు. ఎంత సాధన చేసినా అక్కడికి వచ్చేసరికి గొంతు తుస్సుమంటోంది. అప్పుడెలా లాగాడో చూసుకుంటే పట్టు దొరుకుతుందని ఆశ. దొరక్కపోతే ఆదివారం తర్వాత ఊళ్లో తలెత్తుకు తిరగలేడు.

ఆయనది బటన్ల ఫోను. టీవీ చూస్తే వెనక పెద్ద బుర్ర ఉన్న పాత డబ్బా. నెట్టు పక్కింటివాళ్లది. మోజుపడి కొన్న యూట్యూబ్ పెట్టెకి ఒకటే చదునైన పిన్ను, టీవీకేమో మూడు గుండ్రటి కన్నాలు. మధ్యలో పెట్టే కన్వర్టరు షాపువాడు అమ్మాడు గానీ, బిగించే మనిషిని పంపడం మరిచిపోయాడు.

"మా ఇంట్లోనూ ఇలాంటి టీవీయేనండీ. మా అమ్మాయి బిగిస్తుంటే చూశాను" అంటూ ఆయన కింద కూర్చున్నాడు.

బసవపున్నయ్య వింటేగా! అద్దం ముందు మీసం సవరించుకుంటున్నాడు.

ఆయన పసుపు పిన్ను పసుపు కన్నంలో, తెలుపు తెలుపులో, ఎరుపు ఎరుపులో పెట్టాడు. తెర వెలిగింది. బొమ్మకి పైనా కిందా నల్ల పట్టీలు.

"ఇదేంటయ్యా, నా టీవీ ఏమన్నా నిరసన తెలుపుతోందా? పట్టీలు తీసెయ్. తెర నిండా రావాలి."

"నిండా పెడితే రెండు పక్కలా తెగిపోతుందండీ."

"పక్కలెవడిక్కావాలి? నేనుండేది మధ్యలో!"

ఆయన తెర అంచుకేసి ఓసారి చూశాడు. తర్వాత రిమోట్ నొక్కాడు. పట్టీలు పోయాయి.

వీడియో మొదలైంది. కిరీటం, గద్దింపు, చూపు. రాజు తెరంతా నిండిపోయాడు.

దుర్గాదేవి భర్త వైపు ఓసారి చూసి, కాఫీ గ్లాసు వచ్చినాయనకే ముందు ఇచ్చింది. "తీసుకోండి అన్నయ్యగారూ."

"ఆదివారానికి హార్మోనియం ఎవరండీ?" ఆయన అడిగాడు.

"ఇంకా కుదరలేదు. ఎవడో ఒకడు దొరుకుతాడు. కోడూరులోనూ మనవాడు రాకపోతే ఎవడో వచ్చి కూర్చున్నాడు. మొహం కూడా చూళ్లేదు. వాళ్లదేముందయ్యా, నా గొంతు వెనక పరిగెత్తడమే!"

ఆయన కాఫీ ఓ గుక్క తాగాడు.

పద్యం చివరికొచ్చింది. సరిగ్గా అక్కడే రాజు పక్కకి నడిచి తెరలోంచి తప్పుకున్నాడు. రాగం మాత్రం తెగకుండా సాగింది. కనబడని జనం ఈలలు, చప్పట్లు దాని మీదుగా హోరెత్తాయి.

"చూశావా! ఎక్కడన్నా ఊపిరి తీశానా?"

"అక్కడ తీసుకోవచ్చండీ. హార్మోనియం ఉంటుందిగా."

బసవపున్నయ్యకి చర్రున కోపమొచ్చింది.

"వైర్లు బిగించడానికొచ్చి నాకు పద్యం నేర్పుతావా? నీ పని అయిందిగా, ఇక వెళ్లు!"

ఆయన గ్లాసు కింద పెట్టి సంచి భుజాన వేసుకున్నాడు.

"వస్తానమ్మా. బందరు బస్సుకి టైమైంది."

అలా వెళ్లాడో లేదో, ఓ కుర్రాడు గేటు దగ్గర బండి ఆపాడు.

"ఇస్సాకునండీ, షాపు నుంచి. కన్వర్టరు బిగించడానికి."

"ఇందాక మీవాడొకడు బిగించి వెళ్లాడుగా?"

"మా షాపుకి ఉన్నదే నేనొక్కణ్ణండీ."

మొగుడూ పెళ్లాం మొహమొహాలు చూసుకున్నారు.

"పేరన్నా అడిగారా?" అంది దుర్గాదేవి.

"అడగలేదు."

"నాటకం సంగతని పాపం గుమ్మంలోనే చెప్పబోయారు. మీరు చెప్పనిస్తేగా."

"సరేలే, తర్వాత చూద్దాం. ఒరే ఇస్సాకూ, సరిగ్గా ఊపిరి పట్టేచోటే నేను తెరలో ఉండటం లేదు. ఎందుకంటావ్?"

"సైజు మార్చాలండీ."

ఇస్సాకు రిమోట్ నొక్కాడు. పైనా కిందా మళ్లీ నల్ల పట్టీలు దిగాయి. పద్యం చివరికొచ్చింది. రాజు పక్కకి నడిచాడు. ఈసారి బొమ్మ తెగలేదు. వేదిక పక్కన తెర లాగే తాడు పట్టుకుని, నోరు మూసుకుని, గుండెలు ఎగరేస్తూ రొప్పుతున్నాడు.

రాగం మాత్రం హార్మోనియం మీద సాగుతూనే ఉంది.

బసవపున్నయ్య మంచం అంచున కూలబడ్డాడు. ఆ రాత్రి ఆగిన సంగతి ఆయనకి గుర్తే లేదు. చప్పట్లు మాత్రం ఇన్నేళ్లూ గుర్తున్నాయి.

రాజు కాళ్ల దగ్గర, వేదిక పక్క అంచున హార్మోనియం వాయిస్తూ, రాజు మళ్లీ గొంతు అందుకునేదాకా అతని మొహంలోకే చూస్తూ కూర్చున్నది, ఇందాక తన చేత్తోనే రిమోట్ నొక్కి తెరలోంచి తప్పుకున్న ఆ పెద్దమనిషే.